కస్టమ్ మోటారు సైకిలు

కస్టమ్ మోటారు సైకిలు అనగా కర్మాగారంలో తయారైన మోటారు సైకిలును సొంతదారు తన అవసరానికి, అభిరుచికి తగినట్లుగా విప్పి, మార్చి, తిరిగి కట్టుకున్న వాహనము. కొందరు చట్రము (చాసిస్) మొదలుకొని ప్రతి భాగాన్నీ కొత్తగా తయారు చేసుకుంటారు. మరికొందరు పాత బండి ఇంజనును, చట్రాన్ని అలాగే ఉంచి ట్యాంకు, సీటు, హ్యాండిలు, మడ్‌గార్డులు మాత్రమే మారుస్తారు. ఈ పని వృత్తి నిపుణుల కార్ఖానాలలోను, ఇంటి వెనుక రేకుల షెడ్డులోను కూడా జరుగుతుంది. ఇంజను మోగినంత మాత్రాన ఇటువంటి బండి పూర్తయినట్లు కాదు. బిగింపులు నిలిచి, బ్రేకులు పట్టి, బండికీ దాని కాగితాలకూ పొంతన కుదిరినప్పుడే అది రోడ్డు మీదికి రావడానికి అర్హమవుతుంది.

చరిత్ర

ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు మోటారు సైకిలుగా పేర్కొనబడే వాహనం కూడా ఇంటి కార్ఖానాలోనే పుట్టింది. 1885లో జర్మనీకి చెందిన గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీర్లు స్టుట్‌గార్ట్ సమీపాన కాన్‌స్టాట్‌లో డైమ్లర్ ఇంటి తోటలోని మొక్కల గదిని కార్ఖానాగా మార్చి, కొయ్య చట్రంపై 264 సి.సి. ఇంజను అమర్చారు. దాని శక్తి సుమారు అర హార్స్ పవర్. ఇంజనును మండించే వేడి గొట్టం సీటు కిందనే ఉండేది. తొలి ప్రయాణాలలో ఒకసారి సీటుకు నిప్పంటుకున్నట్లు చెబుతారు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో బండి బరువు తగ్గించడానికి ముందు మడ్‌గార్డు తీసివేసి, వెనుక మడ్‌గార్డును కత్తిరించే అలవాటు వ్యాపించింది. వీటిని బాబర్లు అన్నారు. తరువాత ముందు ఫోర్కును పొడిగించి, చట్రాన్నే కోసి మార్చిన చాపర్లు వచ్చాయి. 1969లో విడుదలైన ఈజీ రైడర్ అనే హాలీవుడ్ చిత్రం వీటికి ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. ఆ చిత్రంలోని చాపర్లను పాత పోలీసు హార్లే డేవిడ్సన్ బండ్ల నుండి రూపొందించడంలో క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఆఫ్రికన్ అమెరికన్ల పాత్ర ముఖ్యమైనది. ఇంగ్లండులో యువకులు ఏస్ కేఫ్ వంటి రోడ్డుపక్క హోటళ్ళ దగ్గర చేరి పందేలు వేసుకునే బండ్లకు కేఫ్ రేసర్లు అనే పేరు వచ్చింది.

ఇంటి షెడ్డులో పనిచేసినవారిలో అందరికన్నా ప్రసిద్ధుడు న్యూజీలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ పట్టణానికి చెందిన బర్ట్ మన్రో. ఆయన 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండి అప్పట్లో గంటకు సుమారు 88 కి.మీ. వేగం అందుకునేది. దానిపై దశాబ్దాల తరబడి పనిచేసి, పిస్టన్లను స్వయంగా పోత పోసుకొని, 600 సి.సి. ఇంజనును సుమారు 950 సి.సి.కి పెంచాడు. విరిగిపోయిన భాగాలను పారవేయక షెడ్డులోని అరపై పేర్చి, వాటిని వేగ దేవునికి సమర్పణలుగా పేర్కొంటూ దానిపై రాసిపెట్టాడు. 1967లో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో 1000 సి.సి. లోపు తరగతిలో ఆయన నెలకొల్పిన రికార్డు గంటకు 295 కి.మీ. పైచిలుకు. ఆయన జీవితం ఆధారంగా 2005లో ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే చిత్రం వచ్చింది. ఇక్కడ ఇండియన్ అన్నది అమెరికా మోటారు సైకిలు కంపెనీ పేరు.

భారతదేశంలో

భారతదేశంలో రూపాంతరానికి ఎక్కువగా ఉపయోగపడిన బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1955లో మద్రాసు మోటార్స్ సంస్థ ఇంగ్లండు కంపెనీతో కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, మద్రాసు వద్ద తిరువొత్తియూరులో బుల్లెట్లను తయారు చేసింది. పాత 350 బుల్లెట్ ఇంజను 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు కలిగి 346 సి.సి. సామర్థ్యంతో ఉండేది. దశాబ్దాల పాటు ఆ నిర్మాణం పెద్దగా మారలేదు. అందువలన ఒక బండి విడిభాగాలు మరొక బండికి చాలావరకు సరిపోయేవి. మామూలు పానాలతో విప్పడానికి వీలుండడం కూడా దీని ఆదరణకు ఒక కారణం. ఆ బుల్లెట్లలో గేరు కుడికాలి వైపు, వెనుక బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. అలవాటు లేనివారికి ఇది ప్రమాదకరము.

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడేవరకు తయారు చేసిన జావా, యెజ్డీ బండ్లు, 1985 నుండి 1996 వరకు వచ్చిన 98 సి.సి. యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఈ రంగంలో ఆదరణ పొందాయి.

అన్ని రూపాంతరాలూ అందం కోసం చేసినవి కావు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాకు చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1990 దశకంలో బుల్లెట్ వెనుక చక్రం తీసివేసి, ఇరుసుపై రెండు చక్రాలు, వాటి వెనుక సేద్యపు పరికరం అమర్చాడు. బుల్లెట్ సాంతి అనబడే ఈ వాహనం దుక్కి, గుంటక పనులకు ఎద్దుల స్థానంలో ఉపయోగపడింది. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ దీనిని గుర్తించి ప్రోత్సహించింది.

2008 తరువాత బుల్లెట్ ఇంజను, గేరు పెట్టె ఒకే కూర్పుగా రావడం, కార్బురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా ప్రవేశించడం వలన ఇంటి పనివారికి కష్టం పెరిగింది. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. పైబడిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఏ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అందుచేత నేడు ఇంటి షెడ్డులలో కనిపించేవి ఎక్కువగా పాత కార్బురేటరు బండ్లే.

దక్షిణ తెలంగాణలో

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న మెట్ట ప్రాంతాలు. నల్గొండ జిల్లా గుండా హైదరాబాదు - విజయవాడ రహదారి (65), మహబూబ్‌నగర్ ప్రాంతం గుండా హైదరాబాదు - బెంగళూరు రహదారి (44) పోతున్నాయి. ఇంటి దగ్గర పని చేసుకునేవారికి లేతు, మిల్లింగు వంటి పనులకు హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడ, బేరింగులు, నట్లు, బోల్టుల కొనుగోలుకు సికింద్రాబాదులోని రాణీగంజ్ అందుబాటులో ఉన్నాయి.

ఇంటిలోనే యంత్రాన్ని తయారు చేసినవారికి ఈ ప్రాంతంలో చక్కని ఉదాహరణ చింతకింది మల్లేశం. ఆయన చేసినది మోటారు సైకిలు కాదు, చేనేత యంత్రము. అప్పటి నల్గొండ జిల్లాలోని శారాజీపేటకు (నేటి యాదాద్రి భువనగిరి జిల్లా) చెందిన ఆయన, ఆసు పోయడం వలన తల్లి లక్ష్మి పడుతున్న భుజాల నొప్పిని చూసి, 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. యంత్రం చాలావరకు తయారైనా దారాన్ని మేకుల చుట్టూ తిప్పే కదలిక మాత్రం చాలాకాలం కుదరలేదు. ఆ చిక్కు 1999లో విడిపోయింది. యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. మిగిలిపోయిన ఒక్క కదలికే యంత్రం మొత్తాన్ని ఆపివేయగలదనే ఈ అనుభవం మోటారు సైకిలు కట్టేవారికి కూడా వర్తిస్తుంది.

పాత బండి నెంబరు ప్లేటును బట్టి దాని ఊరు తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు ఏపీ 22, నల్గొండ జిల్లాకు ఏపీ 24 సంకేతాలు ఉండేవి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత నల్గొండకు టీఎస్ 05, మహబూబ్‌నగర్‌కు టీఎస్ 06 వచ్చాయి. 2024 మార్చి నుండి కొత్త రిజిస్ట్రేషన్లకు టీఎస్ బదులు టీజీ వాడుతున్నారు.

తుది దశ

కస్టమ్ బండి నిర్మాణంలో ముందుగా విప్పడం, కొలతలు తీయడం, కోయడం, వెల్డింగు చేయడం ఉంటాయి. తరువాత రంగు వేయకముందే బండి మొత్తాన్ని ఒకసారి కూర్చి చూస్తారు. తుది దశ ఇక్కడి నుండి మొదలవుతుంది.

పచ్చి కూర్పు

రంగు లేకుండా చేసే ఈ కూర్పులో ప్రతి వైరు, ప్రతి గొట్టం, ప్రతి బోల్టు తన స్థానంలో ఉండాలి. చక్రాలు రెండూ ఒకే గీతలో ఉన్నవో లేదో పొడవాటి దారం పట్టి చూస్తారు. ఫోర్కును పూర్తిగా అణచి మడ్‌గార్డు, సైలెన్సరు టైరుకు తగలకుండా ఉన్నాయని నిర్ధారించుకుంటారు. ఈ దశలో తేలని లోపం రంగు వేసిన తరువాత తేలితే, వేసిన రంగును మళ్ళీ గీకవలసి వస్తుంది.

ముందు ఫోర్కు కోణం మార్చినవారు ట్రెయిల్ అనే కొలతను గమనించాలి. హ్యాండిలు తిరిగే ఇరుసు గీతను నేల వరకు పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు ఆ గీతకు ఎంత వెనుక ఉన్నదో అదే ట్రెయిల్. ఇది మరీ తగ్గితే వేగంలో హ్యాండిలు వణుకుతుంది. మరీ పెరిగితే నెమ్మదిగా పోయేటప్పుడు బండి తిప్పడం బరువవుతుంది.

పెట్రోలు ట్యాంకు

పెట్రోలు వంచేసిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కాదు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలసి, వెల్డింగు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఇటువంటి ట్యాంకుకు వెల్డింగు పని తెలిసినవారే, లోపల పూర్తిగా శుభ్రం చేసి, ఆవిరికి చోటు లేకుండా చేసిన తరువాతనే పూనుకోవాలి. తుప్పు తీయడానికి ఆమ్లం వాడితే తరువాత దానిని తటస్థం చేసి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. కారడం లేదని రంగు వేయకముందే పరీక్షించాలి. పెట్రోలు చెమ్మ తగిలితే రంగు పొరలుగా లేచిపోతుంది.

రంగు

ఇసుక పిచికారీ, పౌడర్ కోటింగ్, క్రోమియం పూత ఇంటిలో చేయదగినవి కావు. క్రోమియం పూతలో వాడే రసాయనాలు విషపూరితములు. రెండు పాళ్ళు కలిపి వాడే పాలీయురెథేన్ రంగులలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేయగలవు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ వీటిని ఆపదు.

దక్షిణ తెలంగాణ వాతావరణం రంగు పనికి కొన్ని ఇబ్బందులు కలిగిస్తుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు రంగు పైపొర త్వరగా ఆరిపోయి, లోపలి ద్రావకం బుడగలుగా పైకి వస్తుంది. వానాకాలపు చెమ్మలో కొన్ని రంగులు తెల్లగా మసకబారుతాయి. చల్కా నేలల ఎర్రని దుమ్ము మరొక సమస్య. వాకిట్లో కళ్ళాపి చల్లినట్లుగా షెడ్డు నేలపై ముందుగా నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. ఎండ, చెమ్మ రెండూ తక్కువగా ఉండే శీతాకాలం ఈ పనికి అనుకూలము.

రంగు వేసేటప్పుడు బేరింగు గూళ్ళను, మరల గాడులను, విద్యుత్ ఎర్త్ కలిసే చోట్లను కప్పి ఉంచాలి. బ్రేకు డ్రమ్ము లోపల రంగు, నూనె పడకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా చట్రంపై చెక్కిన చాసిస్ నెంబరును లప్పంతో పూడ్చరాదు, గీకరాదు.

వైరింగు

బండి కొత్తగా కట్టిన తరువాత ఆగిపోవడానికి తరచుగా కారణమయ్యేది వైరింగు. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. వైర్లు వేడి సైలెన్సరుకు, పదునైన అంచులకు దూరంగా పోవాలి. హ్యాండిలును రెండు వైపులా చివరి వరకు తిప్పినప్పుడు ఏ వైరూ బిగుసుకోరాదు. ఇంజను నడుస్తుండగా హ్యాండిలు తిప్పితే ఇంజను వేగం పెరిగినట్లయితే యాక్సిలేటర్ వైరు దారి తప్పుగా ఉన్నట్లు గుర్తు. ఆ స్థితిలో బండిని రోడ్డు మీదికి తీయరాదు.

బిగింపు

సింగిల్ సిలిండర్ ఇంజను అదురుడు ఎక్కువ. చేతి అంచనాతో బిగించిన నట్లు ఈ అదురుడుకు వదులవుతాయి. అందువలన కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత ప్రకారం టార్క్ పానాతో బిగించి, ప్రతి నట్టుపైనా రంగు గీత పెడతారు. గీత చెదిరితే నట్టు కదిలినట్లు. ఇరుసు నట్లకు స్ప్లిట్ పిన్నులు తప్పనిసరి, ఒకసారి వంచిన పిన్నును మళ్ళీ వాడరాదు. చైను లాకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పోయే దిశలో ఉండాలి. చైను బిగువును వెనుక షాకబ్జర్లపై బరువు పడిన స్థితిలో కూడా చూడాలి.

తొలి ప్రయాణం

ఇంజను మొదటిసారి మోగించేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు. నిప్పునార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. తరువాత క్రింది క్రమంలో తనిఖీ చేస్తారు.

* బండిని చేత్తో తోస్తూ రెండు బ్రేకులనూ విడివిడిగా పట్టి చూచుట.
* నడక వేగంలో, ఖాళీ స్థలంలో మళ్ళీ అదే పరీక్ష. కొత్త బ్రేకు షూలు డ్రమ్ముకు పూర్తిగా ఆనేవరకు పట్టు తక్కువగా ఉంటుంది.
* ముందు, వెనుక దీపాలు, బ్రేకు దీపం, ఇండికేటర్లు, హారను.
* మొదటి కొద్ది కిలోమీటర్ల తరువాత చల్లారనిచ్చి, నూనె కారిన జాడలు, నట్లపై రంగు గీతలు చూచుట.
* చక్రాల చువ్వలు కొత్తగా కట్టినట్లయితే వాటి బిగువు మళ్ళీ సరిచూచుట.

పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. ఆ దుమ్మును గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు తొలుత పేర్కొన్న వాటికి భిన్నమయ్యే విధంగా ఏ వాహనాన్నీ మార్చరాదు. బ్యాటరీ, సి.ఎన్.జి. వంటి వేరొక ఇంధనానికి అనుమతించిన పరికరాలతో మారడానికి చట్టంలో వీలున్నది. ఇంజను మార్చినప్పుడు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పొందాలి. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు కేరళ నుండి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షనును వివరిస్తూ, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం సవరణ ద్వారా చేర్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన సొంతదారుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

శబ్దానికి కూడా పరిమితి ఉన్నది. తయారీ దశలో 175 సి.సి. మించిన ద్విచక్ర వాహనాలకు 80 డెసిబెల్లు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించారు. లోపలి జాలీ తీసివేసిన సైలెన్సరు ఈ పరిమితిని దాటుతుంది. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని అధికారికి చూపించి పునరుద్ధరించుకోవాలి. చట్రం కోసిన బండికి చిక్కు ఈ తనిఖీలో ఎదురుకావచ్చును. ప్రమాదం జరిగినప్పుడు అనుమతి లేని మార్పును కారణంగా చూపి బీమా సంస్థ పరిహారం విషయంలో వివాదం లేవనెత్తవచ్చును. గాయపడినది ఎదుటి మనిషి అయినప్పుడు ఈ భారం సొంతదారు కుటుంబంపై పడే ప్రమాదం ఉన్నది.

ఈ కారణాల వలన అనుభవజ్ఞులు చట్రము, ఇంజను, బ్రేకుల జోలికి పోక సీటు, హ్యాండిలు వంటి తిరిగి యథాస్థితికి తీసుకురాగల మార్పులకే పరిమితమవుతారు. అటువంటి వాటికి కూడా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మంచిది. రంగు మారిస్తే ఆ వివరాన్ని ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. తీసివేసిన అసలు భాగాలను దాచి ఉంచుతారు. చట్రం కోసి కట్టిన చాపర్లు చాలావరకు ప్రదర్శనలకు, ప్రైవేటు స్థలాలకు మాత్రమే తగినవి. కాబట్టి కాగితాల విషయం చివర చూసుకోవలసినది కాదు. మొదటి నట్టు విప్పకముందే తేల్చుకోవలసిన అంశము.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* రాయల్ ఎన్‌ఫీల్డ్
* చింతకింది మల్లేశం
* మోటారు వాహనాల చట్టం, 1988